మాల్టా దీవి: ఎండయు నీడయు

ఉత్తర యూరపు దేశములలో స్థిరపడిన తెలుగువారికి ఎండతోడి బంధుత్వము చిత్రముగా మారిపోయినది. రెంటచింతలలోనో రామగుండములోనో వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున తలుపులు బిగించుకొని, వట్టివేళ్ళ తడికలపై నీళ్ళు చల్లుకొని, పొద్దెప్పుడు వాలునా యని ఎదురుచూచిన కుటుంబములవారే, ఇచ్చట కార్తికము మొదలు ఫాల్గుణము వరకు సూర్యముఖము సరిగా కానరాక, నాలుగు రోజులు సెలవు దొరికిన తక్షణమే దక్షిణదిశకు ఎగిరిపోయి, మధ్యధరాసముద్రపు దీవులలో ఆ ఎండనే సొమ్మిచ్చి కొనుక్కొనుచున్నారు. ఇందు తప్పు పట్టవలసినదేమియు లేదు. శరీరమునకు వెలుగు కావలెను, మనస్సునకు అంతకంటె ఎక్కువగా కావలెను. అయినను అచ్చటికి పోయిన పిదప మనము చేయుచున్నదేమి? పడమటివారి పద్ధతిని అనుసరించి ఇసుకతిన్నెలపై మధ్యాహ్నమంతయు వెల్లకిల పరుండి, చర్మము కందిన తరువాత హోటలు గదికి చేరి, తిరుగు విమానమెక్కుచున్నాము. ఎండను అనుభవించుట యనగా నీడ నెరిగి మసలుకొనుట యని మన పెద్దలు ఏ గ్రంథమును చదువకయే తెలిసికొనిరి. ఆ విద్యనే కట్టడములందును, వీధులందును, భూగర్భమునందును నిలుపుకొన్న దీవి యొకటి కలదు. దాని పేరు మాల్టా. విరామదినములను అచ్చట గడుపదలచిన మన కుటుంబములకు పనికివచ్చునను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సిసిలీ దీవికి దక్షిణముగా దాదాపు 90 కిలోమీటర్ల దూరమున, ఆఫ్రికా తీరమునకు ఉత్తరముగా, సముద్రమధ్యమున మాల్టా, గోజో, కొమినో అను మూడు దీవులు ఒక వరుసగా ఉన్నవి. మూడింటి వైశాల్యము కలిపినను 316 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అందులో అయిదు లక్షలకు మించిన జనులు నివసించుచున్నారు. ఇంతకంటె విశాలములైన మండలములు మన జిల్లాలలో ఎన్నియో కలవు. దేశమంతటిలో పర్వతము లేదు, అడవి లేదు, ఏడాది పొడుగున పారు నది ఒక్కటియు లేదు. అన్నింటికంటె ఎత్తైన చోటు డింగ్లీ గ్రామము చేరువనున్న కొండకొమ్ము. దాని ఎత్తు 253 మీటర్లు. సంవత్సరమునకు సుమారు 3000 గంటల ఎండ కాయును. వర్షము అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు ఏదో కొంత కురిసి, వేసవి మూడు నెలలును బొత్తిగా మొగము చాటువేయును. ఇట్టి నేలపై మానవుడు ఏడు వేల సంవత్సరములకు పైగా నివసించుచు వచ్చినాడనుటయే ఒక ఆశ్చర్యము.

విమానము దిగి బయటికి వచ్చినవారి కన్నులకు మొదట తగులునది రాయి. ఇండ్లు, కోటలు, చర్చిలు, పొలముల గట్లు, మెట్లు, అరుగులు సమస్తమును ఒకే రకపు సున్నపురాతితో కట్టినవి. గనిలోనుండి తీసినప్పుడు ఈ రాయి రంపముతో కోయదగినంత మెత్తగా ఉండి, గాలియు ఎండయు సోకిన కొలది గట్టిపడును; ఉదయమున లేత పసుపుగాను, సాయంకాలమున తేనెరంగుగాను కనబడును. చెట్టు కరవైన నేలపై కలప దూలములకు బదులుగా రాతి కమానులపై రాతిపలకలనే పరచి పైకప్పులు వేసికొనిరి. మందమైన గోడల వెనుక గదులు వేసవి మధ్యాహ్నమున సైతము చల్లగా ఉండును. వీధివైపునకు పొడుచుకొని వచ్చిన కొయ్య గవాక్షములు, ఆకుపచ్చ, నీలము, ఎరుపు రంగులు పూసికొని, ఇంటివారికి నీడను, గాలిని, వీధిని చూచు వినోదమును ఒక్కసారే సమకూర్చును. మాల్టా పట్టణముల అందమంతయు ఈ గవాక్షములలో ఉన్నదని నా అభిప్రాయము.

రాజధానియైన వలెట్టా నగరము యుద్ధములోనుండి పుట్టినది. 1530లో సెయింట్ జాన్ సంఘమునకు చెందిన క్రైస్తవ వీరయోధులకు ఈ దీవులు లభించినవి. 1565 మే మాసమున తురుష్క సామ్రాజ్యపు మహానౌకాసైన్యము వచ్చి ముట్టడించి, నాలుగు మాసములు పోరాడి, సెప్టెంబరు 8వ తేదీన మరలిపోయినది. ఆ దినము నేటికిని అచ్చట జాతీయ పర్వదినము. మరుసటి యేడు మార్చి 28న, యోధాధిపతియైన జాన్ ద లా వలెట్ తన పేరనే క్రొత్త నగరమునకు శంకుస్థాపన చేసెను. లాపరెల్లి అను ఇటలీ స్థపతి దాని రూపురేఖలను గీచినాడు. ఇరుప్రక్కల రేవులు గల ఇరుకైన రాతినాలుకపై, ఒకదాని నొకటి నిలువునకును అడ్డమునకును ఖండించు తిన్నని వీధులను అతడు ఏర్పరచుటచేత, ఏ వీధిచివర నిలిచినను సముద్రము కనబడుటయే గాక, సముద్రపు గాలి ఊరి మధ్యకు నిరాటంకముగా ప్రవేశించును. ఆగస్టు మాసపు మధ్యాహ్నమున, ఇసుకతీరములపై నిప్పులు చెరుగు వేళ, ఈ వీధులలో ఒక ప్రక్క నీడ పట్టుకొని నడచినవారికి నాలుగున్నర శతాబ్దముల నాటి పురనిర్మాతల తెలివి అరికాళ్ళకే తెలియును.

ఆ నగరము నడుమనున్న సెయింట్ జాన్ ప్రధానాలయము వెలుపలికి కోటగోడవలె నిరాడంబరము, లోపల స్వర్ణమయము. నేలంతయు దాదాపు నాలుగు వందల యోధుల సమాధిఫలకములు, రంగురంగుల చలువరాళ్ళతో పొదిగినవి. అందులోని ఒక మందిరమున కరవాజియో 1608లో చిత్రించిన, బాప్తిస్మమిచ్చు జాన్ భక్తుని శిరశ్ఛేదము ఉన్నది. ఆ చిత్రకారుడు తన సంతకమును చేసిన చిత్రము ఇదొక్కటియే. అదియును హతుని కంఠమునుండి నేలపై ప్రవహించిన నెత్తుటిలోనే తన పేరు వ్రాసినాడు. ఆ పటములో మూడువంతులు చీకటి. వెలుపలి ఎండలోనుండి వచ్చినవారు కన్నులు కుదుటపడువరకు నిలిచి చూడవలెను. అడుగు ఆపకుండ పోవువారికి అది దొరకదు.

ఇక నీటి సంగతి. యాత్రికులకు ఎవరును చెప్పనిదియు, నా దృష్టిలో ఈ దీవికి ప్రాణమైనదియు ఇదియే. నదిలేని దేశమున వానచినుకును పట్టి దాచుకొనుట తప్ప వేరు గతి లేదు గనుక, వలెట్టాలో ఇల్లు కట్టుకొను ప్రతివాడును నేలక్రింద వర్షపునీటి తొట్టిని తొలిపించుకొనవలెనని ఆనాడే శాసనము చేసిరి. రాయి తీసిన గోతియే తొట్టి యగును, తీసిన రాయియే గోడ యగును. మేడపై కురిసిన వాన గొట్టములద్వారా క్రిందికి దిగి చీకటిలో నిలువయుండును. పెరుగుచున్న నగరమునకు అదియు చాలకపోగా, విన్యాకూర్ అను యోధాధిపతి 1610 మొదలు 1615 వరకు శ్రమించి, పడమటి మిట్టలలోని ఊటలనుండి వలెట్టా వరకు సుమారు 16 కిలోమీటర్ల పొడవున రాతికాలువను కట్టించినాడు. పల్లపునేల వచ్చినచోట దానిని కమానుల మీదుగా నడిపించిరి. బిర్కిర్కారా, అట్టార్డ్ ఊళ్ళ మార్గమున ఆ కమానులు ఇప్పటికిని బస్సు కిటికీలోనుండి కనబడును. నేడు ఆ దేశమున త్రాగునీటిలో సగముకంటె ఎక్కువ భాగము సముద్రజలమునుండి ఉప్పు తొలగించి చేసినది. విద్యుచ్ఛక్తిని ఖర్చుపెట్టి, సన్నని పొరలగుండ సముద్రమును బలవంతముగా త్రోసి రాబట్టిన నీరు మన హోటలు గదిలో కొళాయి త్రిప్పినంతనే వచ్చుచున్నది. అనంతపురముననో పాలమూరుననో బిందెలు వరుస పెట్టిన ఇండ్లలో పుట్టినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. స్నానపు తొట్టి నిండ నీరు పట్టుకొని వృథాచేయుట మాల్టాలో వట్టి దుబారా గాదు, ఆతిథ్యమునకు చేయు ద్రోహము.

ఈ నీటితొట్ల మూలముననే ఒక మహాద్భుతము బయటపడినది. 1902లో పావోలా పట్టణమున క్రొత్త ఇండ్లకొరకు తొట్లు తొలుచుచున్న పనివారి పలుగు, క్రిందనున్న మరియొక కప్పును ఛేదించినది. ఆ కప్పు క్రింద ఉన్నదే హల్ సఫ్లియేని భూగర్భాలయము. మూడు అంతస్తులుగా రాతిని తొలిచి, నేలపై కట్టిన ఆలయముల ద్వారబంధములను, కప్పుల అంచులను లోపల అట్లే చెక్కి, కొన్ని గదుల కప్పులపై ఎర్రని జేగురురంగుతో చుట్లుచుట్లుగా చిత్రించిన ఆ స్థలమున సుమారు ఏడు వేలమంది అస్థికలు ఉండినవని పరిశోధకుల అంచనా. లోహపు పనిముట్టు ఎరుగని జనులు, ఎముకలు, చెకుముకిరాళ్ళు మొదలైన వాటితో, అయిదు వేల సంవత్సరముల క్రిందట ఈ పని చేసిరి. మనుష్యుల ఊపిరిలోని తేమ చేత ఆ వర్ణములు చెడిపోవునను భయముచేత, ఇప్పుడు దినమునకు 80 మందిని మాత్రమే, పదేసిమంది చొప్పున లోనికి పంపుదురు. ఈ కట్టుబాటును నేను మనసార అభినందించుచున్నాను. మన ప్రాచీన గుహలకును చిత్రములకును ఇట్టి కావలి ఎంత అవసరమో తలచుకొన్నవారికి ఆ 80 అను సంఖ్యలోని వివేకము తెలియును.

భూమిక్రింది ఆలయము చీకటికి సంబంధించినదైతే, దక్షిణతీరమున సముద్రాభిముఖముగా నిలిచిన మ్నైద్రా ఆలయము సూర్యునికి సంబంధించినది. విషువద్దినములందు, అనగా పగలును రాత్రియు సమానములైన ఆ రెండు దినములందు, ఉదయసూర్యుని కిరణము దక్షిణాలయపు ప్రధానద్వారమున తిన్నగా ప్రవేశించి గర్భభాగమువరకు సాగిపోవును. ఉత్తరాయణ దక్షిణాయనముల మొదటిదినములందు అదే కిరణము ద్వారమునకు ఇటునటు నిలిపిన మహాశిలల అంచులను తాకును. దానికి అరకిలోమీటరు దూరమున హజార్ ఇమ్ అను మరియొక ఆలయమున్నది. గోజో దీవిలోని జ్గంతియా ఆలయములు వీనికంటెను ప్రాచీనములు. క్రీస్తుపూర్వము 3600 ప్రాంతమున వాని నిర్మాణము మొదలైనది. ఈజిప్టు పిరమిడ్లు అప్పటికి ఇంకను పుట్టలేదు. ఇంతటి పని చేసిన జాతి క్రీస్తుపూర్వము 2500 ప్రాంతమున ఆలయనిర్మాణమును మానివేసినది. వారు విడిచిన లిపి లేదు, రాజుల పేర్లు లేవు. వానయు, ఉప్పుగాలియు, ఎండయు తగిలి ఆ శిలలు పొరలుగా రాలిపోవుచుండుటచేత, 2009లో హజార్ ఇమ్, మ్నైద్రాల రెండింటిపైనను పెద్ద గుడారపు కప్పులను ఎత్తించిరి. సూర్యునికై నిలిపిన శిలలకు కూడ చివరకు నీడ కావలసివచ్చినది. కొందరు యాత్రికులు ఆ గుడారములు అందమును చెరచినవని విసుగుకొందురు, నేను ఏకీభవింపను. రాయి మిగిలినగదా అందమును గురించి మాటలాడుట.

రెండవ ప్రపంచయుద్ధమున ఈ దీవి పడిన పాట్లు ఒక గ్రంథమునకు చాలును. బ్రిటిషువారి నౌకాస్థావరమగుటచేత ఇటలీ, జర్మనీ విమానములు రాత్రింబవళ్ళు బాంబులు కురిపించినవి. జనులు సున్నపురాతిలో సొరంగములు తొలుచుకొని అందులోనే కాపురములు చేసిరి. 1942 ఏప్రిల్ 9న మోస్తా పట్టణపు చర్చి గుమ్మటమును చీల్చుకొని, ప్రార్థనకు కూడిన సుమారు మూడు వందలమంది నడుమ పడిన బాంబు ప్రేలకపోయినది. అదే మాసమున ఆరవ జార్జి చక్రవర్తి దీవి మొత్తమునకు జార్జి క్రాసు పతకమును ప్రసాదించెను. ఆ చిహ్నము నేటికిని వారి పతాకముపై ఉన్నది. 1964లో స్వాతంత్ర్యము వచ్చినది, 1974లో గణతంత్రమైనది, 2004లో యూరపు సమాఖ్యలో చేరినది.

మనవారికి ఈ దీవితో సంబంధము విమానముల కాలమున మొదలైనది గాదు. 1878లో రష్యాతో యుద్ధము రాగలదని శంకించిన బ్రిటిషు ప్రధానమంత్రి డిజ్రేలీ, భారతదేశమునుండి సుమారు ఏడు వేలమంది సైనికులను సూయజు కాలువగుండ మాల్టాకు రప్పించినాడు. వారిలో మదరాసు సైన్యమునకు చెందిన సాపర్లు, అనగా సైనిక నిర్మాణపు పనివారు, కూడ ఉండిరి. ఆ కాలపు మదరాసు సైన్యమున తెలుగు సిపాయిలు తక్కువవారు కారు గనుక, వలెట్టా రేవులో దిగి ఆ తేనెరంగు గోడలను తేరిచూచిన వారిలో మన భాషవారును ఉండియుందురని ఊహించుటకు నా మనస్సు ఉవ్విళ్ళూరును. యుద్ధము రాలేదు, సిపాయిలు వేరు చోట్లకు తరలిపోయిరి. కొంతకాలమునకే సింధుదేశపు హైదరాబాదునుండి వర్తకులు వచ్చి వలెట్టాలో పట్టువస్త్రముల అంగళ్ళు తెరచిరి. వారి సంతతివారు తరతరములుగా అచ్చటనే ఉండి, మాల్టా భాషను మాతృభాషవలె మాటలాడుచున్నారు. ఇటీవలి సంవత్సరములలో నర్సులుగాను, వంటవారుగాను, బండి నడుపువారుగాను వేలకొలది భారతీయులు వచ్చి చేరిరి. సెలవుకు పోయినవారు బస్సు నడుపుచున్న మనదేశపు యువకునితో నాలుగు మాటలు కలుపుట మరువకూడదు. మన వినోదమునకు వెనుక వారి శ్రమ ఉన్నది.

ఆహారమును గురించి మన గృహిణులకు గల దిగులు ఇచ్చట చాలవరకు అనవసరము. పుల్లరొట్టెను కోసి, పండిన టమాటాను దానిపై రుద్ది, ఆలివునూనె పోసి, కోటగోడల సందులలో దానంతట అది పెరుగు కేపరు మొగ్గల ఊరగాయను చల్లి ఇచ్చు పలారము ప్రతి చిన్న అంగటిలోను దొరకును. ఎండబెట్టిన పెద్ద చిక్కుడుగింజలను ఉడికించి, వెల్లుల్లి, కారము చేర్చి మెదిపిన బిగిల్లా మన రోటిపచ్చడికి దూరపు చుట్టము. పొరలుపొరలుగా విచ్చు పాస్తిత్సీలలో జున్నువంటి రికోటా గాని, ఉడికిన బఠాణీముద్ద గాని పెట్టుదురు. ఆ పిండిలో పందికొవ్వు కలుపు ఆచారము కొన్నిచోట్ల కలదు గనుక శాకాహారులు అడిగి తీసికొనుట మంచిది. మాంసాహారులకు ఆ దేశపు గొప్ప వంటకము కుందేటిమాంసపు కూర. ఈస్టరుకు ముందటి ఉపవాసదినములలో పోయినవారు, గ్రుడ్డును నెయ్యిని తగులనీయక బాదముపప్పుతో చేయు క్వారెజిమాల్ అను తీపిరొట్టెను రుచి చూడవలెను.

సముద్రస్నానమునకు పోవువారు తెలిసికొనవలసినది గాలి. అచ్చటి బెస్తవారు ఉదయమున లేచి మొదట గాలిదిక్కును చూతురు. తరచుగా వీచునది వాయవ్యపుగాలి; అది బలముగా వీచు దినమున పడమటి తీరమునందలి ఇసుకమేటలవద్ద అలలు ప్రమాదకరములగును, ఆగ్నేయపు వంకలో మార్సషలోక్ వైపు నీరు నిశ్చలముగా ఉండును. గాలి ఆగ్నేయమునకు మరలి, ఆఫ్రికా వెచ్చదనమును తేమను మోసికొనివచ్చినప్పుడు ఇది తారుమారగును. చిన్న దీవి యగుటచేత అరగంట ప్రయాణముతో తీరము మార్చుకొనవచ్చును. ఎర్రజెండా కనబడినచోట నీటిలో కాలు పెట్టరాదు. పిల్లలున్నవారు ఈ విషయమున మొగమాటము విడువవలెను. ఇక కాలనిర్ణయము. జూలై, ఆగస్టు మాసములు ఏ విధముగను మనకు తగినవి కావు. ఎండతీవ్రత, జనసమ్మర్దము, అద్దెలు మూడును పరాకాష్ఠనందును. మే మాసమున పూలుండును గాని నీరింకను చల్లగా ఉండును. వేసవి వేడిని నిలువచేసికొన్న సముద్రము అక్టోబరు వరకు వెచ్చగా ఉండుటచేత, సెప్టెంబరు చివరి పక్షమును అక్టోబరు మొదటి పక్షమును స్నానమునకును నడకకును ఉత్తమములని నా తీర్పు. బడిపిల్లల సెలవులు అడ్డువచ్చినవారు ఈస్టరు సెలవులనైనను ఎంచుకొనవచ్చును.

కొమినో దీవిలోని నీలిసరస్సు పేరు చెప్పి పడవలవారు అందరిని ఆకర్షింతురు. ఆ నీటిరంగు నిజముగనే మనోహరము. కాని మూడున్నర చదరపు కిలోమీటర్ల దీవిపై దినమునకు వేలమంది దిగుటచేత అందమంతయు త్రొక్కిడిలో నలిగిపోయినది. ఇటీవలనే రాకపోకలకు ముందుగా నమోదు చేసికొను నియమమును పెట్టిరి. ఆ సరస్సును తప్పించినను లోటు లేదు. గోజో దీవి మాత్రము తప్పింపరానిది. చిర్కెవ్వా రేవునుండి ఓడపై 25 నిమిషములలో దానిని చేరవచ్చును. 1551లో తురుష్క నౌకాసైన్యము దండెత్తి దాదాపు అయిదు వేలమంది గోజో జనులను బానిసలుగా పట్టుకొనిపోయినది; తరువాత చాలకాలమువరకు రాత్రి కోటలోనే తలదాచుకొనవలెనని జనులకు ఆజ్ఞ యుండెను. ఆ కోట ఎక్కినవారికి దీవి నలుప్రక్కల చదునుతల గల గుట్టలు, మెట్టమెట్టలుగా దిగు పొలములు కనబడును. ఉత్తరతీరమున, ష్వెయ్‌ని వంకలో, మెత్తని రాతిని గళ్ళుగళ్ళుగా తొలిచిన ఉప్పుమడులున్నవి. అచ్చటి కుటుంబములు వేసవిలో సముద్రజలము నింపి, ఎండకు ఆరనిచ్చి, ఉప్పును చీపుళ్ళతో ఊడ్చి కుప్పవేయుదురు. చినగంజాము, నౌపడల ఉప్పుమడులను చూచి పెరిగినవారు అచ్చట సులభముగా కదలిరాలేరు. పడమటి తీరమున ప్రఖ్యాతమైన రాతిద్వారము 2017 మార్చి 8న తుఫానులో కూలి సముద్రమున కలిసినది. పాత చిత్రములను చూచి దానికై పోవువారు ఈ సంగతి గమనింపవలెను.

ప్రయాణపు ఏర్పాట్లు సులభములు. ఆంగ్లము ఆ దేశపు అధికారభాషలలో నొకటి. అరబ్బీమూలమై లాటిన్ లిపిలో వ్రాయబడు మాల్టా భాష మరియొకటి. బ్రిటనునందువలెనే వాహనములు ఎడమప్రక్కన నడచును. నాణెము యూరో. ఇంగ్లండున నివసించుచు భారతదేశపు పాసుపోర్టు గలవారు షెంగెన్ వీసాను ముందుగనే తీసికొనవలెను. వారము దినముల సెలవున్నచో నాలుగు రాత్రులు వలెట్టాలోనో దాని కెదుటి పాతపట్టణములలోనో, మిగిలినవి గోజో పల్లెలోను గడుపుడు. ఉదయమున ఆలయములు చూడుడు, మధ్యాహ్నము మందపుగోడల నడుమ భుజించి నిద్రించుడు, నాలుగు గంటలు దాటిన పిమ్మట సముద్రమునకు పొండు; ఆ దేశపు వృద్ధులు చేయునది అదియే. కొళాయి నీటిని పొదుపుగా వాడుడు. హల్ సఫ్లియేని ప్రవేశపత్రములు వారములకు ముందుగనే అమ్ముడుపోవును గనుక, విమానపు టిక్కెట్టుకంటె ముందు వానిని సంపాదించి, ఆ తేదీని బట్టి ప్రయాణమును నిర్ణయించుకొనుడు.